పిల్లలను ఎక్కించుటకు ముందు

మన ఊళ్ళలో తిరునాళ్ళకు వచ్చు రంగులరాట్నము ఎక్కుటకు బిడ్డకు ఎన్నవ ఏడు రావలెనని ఎవరును విచారించి యుండరు. తాత బిడ్డను కొయ్యగుఱ్ఱముమీద కూర్చుండబెట్టి, నడుము చుట్టు చేయి వేసి, రాట్నముతోపాటు తానును నాలుగడుగులు నడిచెడివాడు. బిడ్డ పెదవి విరిచినచో రాట్నము త్రిప్పువానికి సైగచేసి దింపుకొనెడివాడు. ఎక్కించుటలో పొరపాటు జరిగినను దానిని దిద్దుకొనుటకు క్షణము పట్టెడిది కాదు. నేటి వినోదవనములలోని పెద్ద బండ్లకు ఆ సౌలభ్యము లేదు. బండి కదలిన పిమ్మట బిడ్డ ఎంత ఏడ్చినను అది ఆగదు. తండ్రి ప్రక్కనే ఉన్నను అతని చేతులు కూడ కమ్మి వెనుక బంధింపబడి యుండును. కావున బిడ్డ ఏడ్పును చూచి చేయు నిర్ణయమును ఇప్పుడు ఏడ్పు రాకముందే చేయవలసి వచ్చుచున్నది. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

ఈ చిక్కు ఇప్పుడు మన ఇండ్లకు కొత్త కాదు. హైదరాబాదు నాంపల్లిలో 1938లో ఆరంభమైన నుమాయిష్‌కు పోయిన కుటుంబమేదియు జెయింట్ వీల్ క్రింద నిలువక తిరిగిరాదు. 2016లో నగర శివారున రావిర్యాలలో వండర్లా వెలసినది. అమెరికాలో స్థిరపడిన కొడుకులను, కూతుళ్ళను చూడబోయిన తాతలు, అమ్మమ్మలు మనుమలను వెంటబెట్టుకొని ఫ్లారిడాలోని ఆర్లండోకు ప్రయాణము కట్టుట సామాన్యమైనది. టిక్కెట్లు ఖరీదైనవి, దూరము పెద్దది, పిల్లల ఆశ అంతకంటె పెద్దది. అట్టిచోట నిలిచి ఆలోచించుటకు తీరిక చిక్కదు. ఆలోచన ఇంటివద్దనే జరుగుట మేలు.

ఈ బండ్ల చరిత్ర చాల పాతది. 1884లో న్యూయార్కు దగ్గరి కోనీ ఐలండులో లామార్కస్ థాంప్సన్ అను నతడు ఎత్తుపల్లముల పట్టాలమీద జారు బండిని నడిపినప్పుడు దాని వేగము గంటకు ఆరు మైళ్ళు మాత్రమే. మన ఎడ్లబండి పరుగెత్తినను దానిని మించును. 1893లో చికాగో ప్రదర్శనమున జార్జి ఫెర్రిస్ నిలిపిన చక్రము 264 అడుగుల ఎత్తుండెను. నేడు మన నుమాయిష్‌లో తిరుగు చక్రములన్నియు దాని సంతతియే. 1959లో కాలిఫోర్నియాలోని డిస్నీలాండులో ఉక్కు గొట్టముల పట్టాలు వచ్చిన తర్వాత బండిని ఎటు కావలెనన్న అటు వంచుటకు వీలు కలిగినది. 2000లో ఒహాయోలోని సీడర్ పాయింటులో కట్టిన మిలీనియమ్ ఫోర్సు అను బండి 310 అడుగుల ఎత్తునకు ఎక్కి, గంటకు 93 మైళ్ళ వేగముతో దిగును. ఆరు మైళ్ళ బండికిని తొంబదిమూడు మైళ్ళ బండికిని మనము వాడు పేరు ఒక్కటే, రోలర్ కోస్టర్. ఆ పేరు విని బిడ్డను ఎక్కించవచ్చునా లేదా యని తేల్చుట సాధ్యము కాదు.

వినోదవనములో ప్రతి పెద్ద బండి వాకిట ఒక కొలబద్ద నిలిపి యుందురు. బిడ్డ తల ఆ గీతను తాకవలెను. తల్లిదండ్రులలో చాలమంది ఈ గీతను పరీక్షలో ఉత్తీర్ణతవలె భావింతురు. గీత దాటినచో బిడ్డ సిద్ధమైనట్లే యని వారి లెక్క. మా అభిప్రాయమున ఇది ఆ గీతను తప్పుగా చదువుట. గీత చెప్పునది ఒక్కటే: ఆ సీటులో, ఆ కమ్మి క్రింద, ఆ శరీరము నిలుచును. ఒడిమీదికి దిగు కమ్మి తొడలకును పొత్తికడుపునకును నడుమ గట్టిగా ఆనవలెను. కాళ్ళు పొట్టివైనచో బిడ్డ ముందునకు జారి కమ్మి క్రిందుగా పోవచ్చును; మొండెము పొట్టిదైనచో భుజములమీదికి దిగు పట్టీ చెవులను, దవడను కొట్టుచుండును. దీనికి వయస్సుకంటె ఎత్తే నమ్మదగిన కొలత కనుక ఎత్తును కొలుతురు. బిడ్డ ధైర్యమును కొలుచు బద్దను ఎవరును ఇంకను చేయలేదు.

గీతల అంకెలను వయస్సులతో సరిపోల్చి చూచిన విషయము కొంత తేటపడును. ఫ్లారిడాలోని స్పేస్ మౌంటెన్ అను బండికి 44 అంగుళములు, అనగా సుమారు 112 సెంటీమీటర్లు ఉండవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల ప్రకారము ఐదేండ్లు నిండిన పిల్లల మధ్యస్థపు ఎత్తు దాదాపు 110 సెంటీమీటర్లు. కాబట్టి ఐదున్నర ఏండ్లకు సగముమంది పిల్లలు ఆ గీతను అందుకొందురు. 40 అంగుళముల గీతను నాలుగేండ్ల వారిలో సగముమంది దాటుదురు. 48 అంగుళములకు ఏడేండ్లు పట్టును. ఇవి సగటు లెక్కలు. పొడగరియైన నాలుగేండ్ల బాలుడు ఐదేండ్ల గీతను దాటవచ్చును. అతని కాళ్ళు ఐదేండ్లవే గాని అతని మనస్సు నాలుగేండ్లదే. పొట్టిదైన ఎనిమిదేండ్ల అమ్మాయి గీతకు ఒక అంగుళము తక్కువయై కన్నీరు పెట్టుకొనవచ్చును. ఆమె మనస్సు ఎప్పుడో సిద్ధమైనది. రెండు సందర్భములలోను గీత మాటయే చెల్లవలెను. అయితే మొదటి బాలుని విషయములో గీత దాటిన తర్వాత కూడ మనము ఆలోచించవలసినది మిగిలియున్నది.

గీతను మోసగించు తల్లిదండ్రులును లేకపోలేదు. మడమ ఎత్తైన చెప్పులు తొడుగుట, బూట్లలో గుడ్డలు కుక్కుట, తలమీద జుట్టు ఎత్తి ముడివేయుట మొదలైన ఉపాయములు అన్ని దేశములందును ఉన్నవి. ఒక అంగుళమేగదా యని నవ్వుకొందురు. ఆ అంగుళము కమ్మికిని బిడ్డ ఒడికిని నడుమ ఖాళీగా మారునని తలచినచో ఆ నవ్వు నిలువదు.

ఈ కమ్మిని గురించి మరికొంత చెప్పవలెను. కొన్ని బండ్లలో ఇద్దరికిని కలిపి ఒకటే కమ్మి ఉండును. తండ్రియు, ఐదేండ్ల కూతురును ప్రక్కప్రక్కన కూర్చుండిరనుకొనుడు. కమ్మి క్రిందికి దిగుచు ముందుగా తండ్రి పొట్టకు తగిలి ఆగిపోవును. కూతురి ఒడికిని కమ్మికిని నడుమ జానెడు ఖాళీ మిగులును. తండ్రి తన కమ్మిని ఊపి చూచుకొని గట్టిగానే ఉన్నదని తృప్తిపడును; అది గట్టిగా ఉన్నది అతనికే. బండి పల్లమునకు దిగునప్పుడు శరీరము సీటునుండి తేలును; మలుపు తిరుగునప్పుడు ప్రక్కకు తోయబడును. ఆ ఖాళీలో బిడ్డ ఎటైనను కదలును. అట్టి బండిలో బిడ్డ ప్రక్కన సన్నని అక్కయో, బక్కపలుచని పిన్నియో కూర్చుండుట లావాటి మామయ్య కూర్చుండుటకంటె మేలు. ఒక్కొక్కరికి వేరు కమ్మి ఉన్న బండి దొరికినచో మరియు మేలు. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనుట, ఆ బండి అందుకై చేయబడినదైనగాని, ఎన్నడును చేయరాదు. మన చేతుల బిగువుమీద మనకు గల నమ్మకము ఆ వేగమునకు తగినది కాదు.

ఎత్తు సరిపోయినను పని ముగియదనుటకు ఒక దుఃఖకరమైన నిదర్శనము కలదు. 2021 సెప్టెంబరులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ఒక వినోదవనములో, కొండ లోపల 110 అడుగుల లోతునకు పడు బండిలో ఆరేండ్ల బాలిక మరణించినది. సీటుకు బెల్టులు ఉన్నవి, అవి బిగించియు ఉన్నవి. కాని అంతకుముందటి తడవ ఖాళీగా నున్న ఆ సీటులో బెల్టులు బిగించియే విడువబడినవి. బాలిక వచ్చి వాటిపైన కూర్చుండినది. యంత్రము హెచ్చరించినను నడుపువారు కారణమును సరిగా గ్రహింపలేదని ప్రభుత్వ విచారణలో తేలినది. పని చేయువారు చూతురులే యని ఊరకుండుట తగదని మేము చెప్పుటకు ఇదియే కారణము. బెల్టు బిడ్డ ఒడిమీదుగా పోయినదా, క్రిందుగానా, లాగిన వచ్చుచున్నదా, కమ్మి బిడ్డకు ఆనినదా — ఈ మూడింటిని తల్లియో తండ్రియో తమ చేతితో తాకి చూడవలెను. సందేహము కలిగినచో చేయెత్తి కేకవేయవలెను. వరుసలోని నూరుమంది విసుగుకొన్నను విసుగుకొననిండు.

ఇక శరీరము మాట. పుట్టిన బిడ్డ తల ఒంటి పొడవులో నాలుగవ వంతుండును. పెద్దవారికి సుమారు ఎనిమిదవ వంతు. ఐదారేండ్ల బిడ్డ ఈ రెండింటి నడుమ నున్నవాడు. తల పెద్దది, మెడ సన్ననిది, మెడ కండరములు ఇంకను బలపడవలసినవి. బండి పల్లము అడుగునకు దిగి పైకి లేచునప్పుడు మనము మన బరువునకు మూడింతలుగా తోచుదుము. పదునెనిమిది కిలోల బిడ్డ ఆ క్షణమున యాబదినాలుగు కిలోల బరువుతో సీటునకు అదుముకొనును. తలయు అట్లే మూడింతలగును. ఆ సమయమున బిడ్డ తల వంచి కాళ్ళవైపు చూచుచున్నచో దానిని ఎత్తలేడు. అందుచే తలను సీటునకు ఆనించి ఎదురుగా చూడుమని ముందే నేర్పవలెను. మెడకు, వెన్నెముకకు, గుండెకు సంబంధించిన జబ్బు ఏదైన ఉన్న బిడ్డ విషయములో వైద్యుని మాట లేక ఆలోచనయే వలదు.

కడుపులో త్రిప్పుటకు మూలము చెవిలో నున్నది. లోపలి చెవిలోని మూడు అర్ధచంద్రాకారపు గొట్టములు తల తిరుగుటను తెలుపును. కన్ను చూపునది ఒకటియు చెవి చెప్పునది మరియొకటియు అయినప్పుడు మెదడు తికమకపడి వాంతి పుట్టించును. రెండేండ్లలోపు పసివారికి ఇది అరుదు. ఆ పిమ్మటనుండి పండ్రెండేండ్ల వరకు పిల్లలను ఎక్కువగా బాధించును. దీనికి వినోదవనమువరకు పోయి పరీక్షించనక్కరలేదు. తిరుమల ఘాటురోడ్డుమీద బస్సులో మీ బిడ్డ ఎట్లుండెనో జ్ఞాపకము చేసికొనుడు. ఏడవ మలుపునకే తల్లి కొంగు పట్టుకొన్న బిడ్డకు గిరగిర తిరుగు బండ్లు వలదు. నేరుగా ఎక్కి దిగునవి కొంత నయము. ఇక మిరపకాయ బజ్జీలు, ఐస్‌క్రీము పెట్టించి వెంటనే బండి ఎక్కించు మేనమామలకు మేము చెప్పదగినది లేదు. ఫలితము వారి చొక్కాయే చెప్పును.

శరీరముకంటె మనస్సును తెలిసికొనుట కష్టము. ఇక్కడ స్పేస్ మౌంటెన్‌నే మరల తీసికొందము. 1975లో తెరచిన ఈ బండి వేగము గంటకు సుమారు 45 కిలోమీటర్లు. మన నగరములలో స్కూటరు అంతకంటె వేగముగా పోవును. అయినను అది భయంకరమైనదని పేరు పొందినది. కారణము చీకటి. కట్టడము లోపల నక్షత్రములవంటి వెలుగు చుక్కలు తప్ప మరేమియు కానరాదు. ఎప్పుడు దిగునో, ఎటు తిరుగునో ముందుగా తెలియదు. అంతేకాక ఆ బండిలో సీట్లు ఒకదాని వెనుక ఒకటి ఉండును. తండ్రి ముందో వెనుకనో కూర్చుండును గాని ప్రక్కన కూర్చుండుటకు వీలు లేదు. ఐదున్నర ఏండ్ల బిడ్డ ఎత్తు సరిపోయినది, వేగము స్కూటరు వేగమే, కాని చీకటిలో ఒంటరిగా, చేయి పట్టుకొనుటకు ఎవరును లేక రెండున్నర నిమిషములు కూర్చుండవలెను. అతడు ఇంటిలో దీపమార్పినచో నిద్రించునా? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చు జవాబు కొలబద్ద చెప్పనిదానిని చెప్పును. కాలిఫోర్నియాలోను ఇదే పేరుగల బండి ఉన్నది. అందులో ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుందురు, గీతయు 40 అంగుళములే. కనుక పేరును బట్టి బంధువులు చెప్పు అనుభవమును మన బిడ్డకు అన్వయించుట కుదరదు. ఏ ఊరి బండియో, సీటు ఎట్లున్నదో అడుగవలెను.

మూడేండ్ల బిడ్డ పెద్ద చప్పుడునకును, తల్లి కనుమరుగగుటకును భయపడును. నాలుగు మొదలు ఆరేండ్లవరకు చీకటి, రాక్షసులు, దయ్యములు భయపెట్టును. ఆ వయస్సులో ఊహకును నిజమునకును నడుమ గోడ పలుచనిది. గుహలో నోరు తెరచిన బొమ్మ రాక్షసుడు కాగితపు గుజ్జుతో చేసినదని మీరు ఎంత చెప్పినను, బిడ్డ తల ఊపి, ఆ రాత్రి మంచముక్రింద వానిని వెదకును. ఏడెనిమిదేండ్లు వచ్చిన పిమ్మట భయము దారి మార్చుకొని ‘బెల్టు ఊడిపోతుందా?’ అని అడుగును. ఇది ఆరోగ్యకరమైన ప్రశ్న. దీనికి నిజమైన జవాబు చెప్పవచ్చును, కమ్మిని చూపవచ్చును. రాక్షసుని ప్రశ్నకు అట్టి జవాబు లేదు. అందుచే చిన్నవారి విషయములో ఎత్తైన బండికంటె చీకటి బండియే ఎక్కువ ఆలోచింపదగినది. మన తల్లిదండ్రులు సాధారణముగా దీనికి విరుద్ధముగా చేయుదురు: ఎత్తును చూచి వెనుదీయుదురు, భూతగృహమును బొమ్మలేగదా యని చూపుదురు.

బిడ్డను అడుగుటయు ఒక విద్య. ‘ఎక్కుతావా?’ అనినచో అన్న ముందున్నాడు గనుక ‘ఎక్కుతా’ననును. ఆ మాటను నమ్మి వరుసలో గంటసేపు నిలువరాదు. ముందుగా బండి క్రింద నిలిచి రెండు మూడు తడవలు పూర్తిగా చూపవలెను. దిగి వచ్చువారి ముఖములను చూపవలెను. ‘మొదట మెల్లగా ఎక్కుతుంది, టకటకమని చప్పుడవుతుంది, తర్వాత కడుపు తేలినట్టుంటుంది, ఒక పాట అయ్యేలోపల ఆగిపోతుంది’ అని జరుగబోవునది జరిగినట్లుగా చెప్పవలెను. మధ్యలో దిగుటకు వీలులేదను మాట దాచరాదు. ఇంత విని కూడ బిడ్డ చేయి లాగుచున్నచో మంచిది. మౌనముగా ఉండి మీ వెనుకకు చేరినచో అదియు జవాబే.

ఇంటివద్ద తెలియు సూచనలు మరికొన్ని కలవు. అట్లతద్దినాడు ఉయ్యాల ఎంత ఎత్తునకు ఊపమనును, ఊపు ఎక్కువైనప్పుడు నవ్వునా, త్రాడును బిగబట్టి కన్నులు మూయునా? పార్కులో జారుబండ ఒకసారి జారిన తర్వాత మరల మెట్లవైపు పరుగెత్తునా? కూర్చుండుమని చెప్పినచో మూడు నిమిషములు లేవక కూర్చుండగలడా? ఈ కడపటిది చాల ముఖ్యము. భయము పుట్టినప్పుడు లేచి పారిపోవుట చిన్నబిడ్డ స్వభావము. కదలు బండిలో అదియే ప్రమాదము. డిస్నీ వనములలో ఏడేండ్లలోపు పిల్లలు బండి ఎక్కవలెనన్నచో పదునాలుగేండ్లు నిండినవారు తోడుండవలెనను నియమము ఉన్నది. ఎత్తు ఎంత ఉన్నను ఈ నియమము మారదు.

వరుస చివరకు వచ్చి, బండి తలుపు తెరచినప్పుడు బిడ్డ ‘వద్దు’ అనుట చాల సామాన్యము. అప్పుడు పెద్దలు పలుకు మాటలు మనము ఎరిగినవే. ‘మగపిల్లవాడివి, భయమా?’, ‘చెల్లెలే ఎక్కుతోంది చూడు’, ‘ఇంత డబ్బు పోసి కొన్నాం.’ డబ్బు ఖర్చైన మాట నిజమే గాని అది బిడ్డ చేసిన అప్పు కాదు. బలవంతముగా ఎక్కించబడిన బిడ్డ ఆ రెండు నిమిషములతో భయమును విడుచుననుట మన కోరిక మాత్రమే. పెక్కుమంది పిల్లలు ఆ మీదట ఏండ్ల తరబడి చిన్న బండ్లను కూడ ఎక్కరు. అదియునుగాక, తన ‘వద్దు’ను పెద్దలు లెక్కచేయరని ఒకసారి తెలిసిన బిడ్డ మరుసటిసారి బండి క్రిందనే నిలుచును. అమెరికాలోని పెద్ద వనములలో దీనికి చక్కని ఏర్పాటు ఉన్నది. తల్లి బిడ్డతో క్రింద నిలుచును, తండ్రి పోయివచ్చును; పిమ్మట తల్లి మరల వరుసలో నిలువనవసరము లేకయే ఎక్కవచ్చును. అడిగినవారికే ఇది తెలియును, కావున అడుగవలెను.

మన నుమాయిష్‌లోను, జాతరలలోను పరిస్థితి వేరు. అక్కడ బండ్లు కొన్ని వారములకై విప్పి తెచ్చి కట్టినవి. చాలచోట్ల కొలబద్ద లేదు. ఉన్నను దానిప్రక్క నిలుచువాడు ఉండడు. గీత లేనిచోట గీతను మనమే గీయవలెను. ఒక తడవ పూర్తిగా నిలిచి చూడుడు. నడుపువాడు ప్రతి తలుపు గడియను చేతితో లాగి చూచుచున్నాడా, లేక ఈలవేసి మీట నొక్కుచున్నాడా? సీటునకు కమ్మి ఉన్నదా, త్రాడు కట్టి సరిపెట్టినారా? నట్లు, బోల్టులు తుప్పుపట్టి ఊగుచున్నవా? గాలివాన వచ్చు సూచన ఉన్నప్పుడు ఆపుచున్నారా? జెయింట్ వీల్ తొట్టిలో బిడ్డ లేచి నిలుచుండుటకు వీలున్నచో ఐదేండ్ల బిడ్డను ఎక్కించవద్దనియే మా సలహా. చున్నీలు, విరబోసిన జడలు, వ్రేలాడు గొలుసులు ముడివేసి లోపల దోపవలెను. 2020లో హైదరాబాదు శివారున గోకార్టు చక్రములో జుట్టు చిక్కుకొని ఒక యువతి ప్రాణము పోయినది.

బండి దిగిన తర్వాత బిడ్డ ముఖము పాలిపోయి, కాళ్ళు వణకుచు, అయినను నవ్వుచు ‘మళ్ళీ’ అనవచ్చును. ఆ నవ్వు నిజమైనదేయైనను వెంటనే రెండవసారి ఎక్కింపక అరగంట నీడన కూర్చుండబెట్టి, నీళ్ళు త్రాగించి, అప్పుడు అడుగుడు. ఏడ్చుచు దిగినచో ఆ ఏడ్పును నవ్వులాట చేయక, పటములు తీసి బంధువులకు పంపక, ఏది భయపెట్టినదో చెప్పనిండు. చీకటియనినచో వెలుతురులో తిరుగు బండి ఉన్నది. ఎత్తనినచో నేలమీద పోవునది ఉన్నది.

ప్రయాణమునకు ముందటి వారము ఇంటిలో తలుపు ప్రక్క గోడకు బిడ్డను చెప్పులు లేకుండ నిలిపి గీత గీయుడు. పోదలచిన వనమువారు ప్రకటించిన కొలతలను చూచి, ఏ బండ్లు అందును, ఏవి అందవో ఆ గోడయొద్దనే బిడ్డకు తెలుపుడు. అందని బండి పేరు విని బిడ్డ ఇంటిలోనే కొంచెము అలుగును. అన్నము తినునప్పటికి మరచును. కొలబద్దయొద్ద, మండుటెండలో, గంటసేపు నిలిచిన తర్వాత తెలిసినచో ఆ అలుక సాయంకాలమువరకు పోదు.